‘ఓవర్‌టైమ్ మినహాయింపు’ ఎవరికి? క్రొయేషియా ఉద్యోగ ఒప్పందంలో ఒక్క మాటతో మారిపోయే లెక్క

అమెరికా కంపెనీలు ఇచ్చే ఆఫర్ లెటర్‌లో జీతం అంకె పక్కనో కిందో ఒక చిన్న మాట ఉంటుంది: ‘ఎగ్జెంప్ట్’. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో పనిచేసే మన సాఫ్ట్‌వేర్ ఉద్యోగులకు ఇది బాగా తెలిసిన మాటే. వారానికి 40 గంటలు దాటి ఎంతసేపు కూర్చున్నా అదనంగా పైసా రాదు, మాట్లాడుకున్న జీతమే జీతం అని దాని సారాంశం.

అదే కంపెనీ క్రొయేషియా రాజధాని జాగ్రెబ్‌లో ఆఫీసు తెరిచిందనుకుందాం. అమెరికాలో వాడిన ఒప్పందం నమూనానే అక్కడికీ పంపిస్తారు. దాన్ని క్రొయేషియన్ భాషలోకి మార్చమని ఎవరికో అప్పగిస్తారు. ఆ పని చేసేవాళ్లు ‘ఎగ్జెంప్ట్’ అన్న మాట దగ్గర ఆగకుండా నిఘంటువులో ఉన్న పదం పెట్టేస్తే, ఒప్పందం చెప్పే విషయం తలకిందులవుతుంది. ‘నీకు ఓవర్‌టైమ్ డబ్బు రాదు’ అని చెప్పాల్సిన వాక్యం ‘నీతో ఓవర్‌టైమ్ చేయించం’ అన్నట్టు తయారవుతుంది.

ఇది భాషావేత్తల గొడవలా అనిపించొచ్చు. కానీ మన పాఠకుల్లో రెండు వర్గాలకు దీనితో నేరుగా పని ఉంది. ఒకటి, క్రొయేషియాలో ఉద్యోగం చూసుకుంటున్నవాళ్లు. ఆ దేశం 2013 జులై 1న యూరోపియన్ యూనియన్‌లో చేరింది. 2023 జనవరి 1న ఒకేరోజు యూరో కరెన్సీలోకి, షెంజెన్ ప్రాంతంలోకి వచ్చింది. సొంత జనం జర్మనీ, ఐర్లండ్ లాంటి చోట్లకు వెళ్లిపోతుండటంతో నిర్మాణ రంగంలో, హోటళ్లలో, డెలివరీ పనుల్లో విదేశీయులను తీసుకుంటోంది. వారిలో నేపాలీలు, భారతీయులు, ఫిలిప్పీన్స్ వాళ్లు ఎక్కువగా కనిపిస్తారు. రెండో వర్గం, హైదరాబాద్‌లో కూర్చుని విదేశీ కంపెనీల హెచ్‌ఆర్ కాగితాలు, పేరోల్, స్థానిక భాషల్లోకి మార్చే పని చూసేవాళ్లు. ఒప్పందం వీళ్ల బల్ల మీదుగా వెళ్తుంది. దాని ఫలితం అనుభవించేది మాత్రం ఎక్కడో ఉన్న ఉద్యోగి.

అమెరికాలో ‘ఎగ్జెంప్ట్’ అంటే...

ఈ మాట పుట్టింది 1938లో వచ్చిన ఫెయిర్ లేబర్ స్టాండర్డ్స్ యాక్ట్ నుంచి. వారంలో 40 గంటలు దాటిన ప్రతి గంటకూ మామూలు రేటుకు కనీసం ఒకటిన్నర రెట్లు చెల్లించాలని ఆ చట్టం చెబుతుంది. కొన్ని తరహాల ఉద్యోగులకు ఈ నియమం వర్తించదనీ అదే చట్టం చెబుతుంది. అధికార హోదాలో ఉన్నవాళ్లు, కార్యాలయ నిర్వహణ చూసేవాళ్లు, వృత్తి నిపుణులు, కొన్ని రకాల కంప్యూటర్ ఉద్యోగులు, బయట తిరిగి అమ్మకాలు చేసేవాళ్లు ఈ జాబితాలో ఉంటారు. వీళ్లే ‘ఎగ్జెంప్ట్’ ఉద్యోగులు. మిగిలినవాళ్లు ‘నాన్ ఎగ్జెంప్ట్’.

ఆఫర్ లెటర్‌లో ఆ మాట రాసినంత మాత్రాన ఎవరూ ఎగ్జెంప్ట్ అయిపోరు. సాధారణంగా మూడు విషయాలు చూస్తారు. గంటల లెక్కన కాకుండా నిర్ణీత జీతం వస్తోందా, ఆ జీతం ఒక స్థాయికి తగ్గకుండా ఉందా, చేసే పని నిజంగా ఆ తరహాదేనా? ఫెడరల్ చట్టం ప్రకారం జీతం స్థాయి వారానికి 684 డాలర్లు. దీన్ని పెంచుతూ 2024లో కార్మిక శాఖ తెచ్చిన నిబంధనను టెక్సస్‌లోని ఫెడరల్ కోర్టు అదే ఏడాది నవంబరులో కొట్టేసింది. దాంతో పాత అంకే మళ్లీ అమల్లోకి వచ్చింది. కాలిఫోర్నియా లాంటి కొన్ని రాష్ట్రాల్లో ఈ స్థాయి ఇంకా ఎక్కువ.

జీతం భారీగా ఉంటే చాలు కదా అనుకుంటే అదీ పొరపాటే. 2023 ఫిబ్రవరిలో అమెరికా సుప్రీంకోర్టు హెలిక్స్ ఎనర్జీ కేసులో తీర్పు ఇచ్చింది. సముద్రంలో చమురు తీసే రిగ్ మీద పనిచేసిన ఒక సూపర్‌వైజర్ ఏడాదికి 2 లక్షల డాలర్లకు పైగా సంపాదించారు. అయితే ఆయనకు ఇచ్చింది రోజుకింత అన్న లెక్కన. అది ‘నిర్ణీత జీతం’ కాదు కాబట్టి ఆయన ఎగ్జెంప్ట్ కాదు, ఓవర్‌టైమ్‌కు అర్హుడేనని కోర్టు తేల్చింది. అంటే ఆ ఒక్క మాట వెనక ఓ చట్టం, దాని నిబంధనలు, 80 ఏళ్లకు పైగా వచ్చిన తీర్పులు ఉన్నాయి. అమెరికాలో చదివేవారికి ఇవన్నీ తెలుసన్న ధీమాతోనే ఒప్పందంలో ఆ మాటను ముక్తసరిగా రాసి వదిలేస్తారు. క్రొయేషియన్‌లో చదివేవారికి ఈ వెనక కథ ఏదీ ఉండదు.

మినహాయింపు దేని నుంచి?

తెలుగులోనే ఒకసారి ప్రయత్నించి చూడండి. ‘ఈ ఉద్యోగికి ఓవర్‌టైమ్ నుంచి మినహాయింపు ఉంది’. చదవగానే ఏమనిపిస్తుంది? ఆదాయపు పన్ను మినహాయింపు, వయోపరిమితిలో మినహాయింపు, ఎన్నికల డ్యూటీ నుంచి మినహాయింపు... మనకు మినహాయింపు అంటే ఒక భారం తప్పడం. కాబట్టి ‘అదృష్టవంతుడు, ఆరు గంటలకల్లా ఇంటికి పోవచ్చు’ అనుకుంటాం. అసలు సంగతి అది కాదు. భారం తప్పింది యజమానికి. ఉద్యోగికి తప్పిపోయింది రక్షణ.

క్రొయేషియన్‌లోనూ సరిగ్గా ఇదే జరుగుతుంది. ఓవర్‌టైమ్ పనిని అక్కడ ‘ప్రెకొవ్రెమెని రాద్’ అంటారు. మినహాయించిన అనే అర్థంలో ‘ఇజుజెత్’ అనీ, విముక్తి పొందిన అనే అర్థంలో ‘ఒస్లొబొజెన్’ అనీ రెండు పదాలున్నాయి. నిఘంటువులో ‘ఎగ్జెంప్ట్’ అని వెతికితే దొరికేవి ఇవే. వీటిని పెట్టి ‘రాద్నిక్ యె ఒస్లొబొజెన్ ప్రెకొవ్రెమెనొగ్ రాదా’ అని రాస్తే వ్యాకరణం తప్పు కాదు. అయితే క్రొయేషియన్ పాఠకుడికి అందే అర్థం: ‘ఈ ఉద్యోగి ఓవర్‌టైమ్ చేయనక్కర్లేదు’.

ఆ అర్థం మరింత గట్టిగా నాటుకోవడానికి కారణం అక్కడి చట్టమే. క్రొయేషియాలో నిజంగానే ఓవర్‌టైమ్ నుంచి రక్షణ ఉన్న ఉద్యోగులు ఉన్నారు. మైనర్లతో ఓవర్‌టైమ్ చేయించడం నిషేధం. గర్భిణులు, 8 ఏళ్లలోపు పిల్లలున్న తల్లిదండ్రులు, ఒకరికంటే ఎక్కువ యజమానుల దగ్గర పార్ట్‌టైమ్ చేసేవాళ్లు రాతపూర్వకంగా ఒప్పుకుంటేనే అదనపు గంటలు చేయించొచ్చు. అనుకోని విపత్తు లాంటి పరిస్థితి ఒక్కటే దీనికి అపవాదం. అందువల్ల ‘ఓవర్‌టైమ్ నుంచి విముక్తి’ అని రాసి ఉంటే జాగ్రెబ్‌లోని హెచ్‌ఆర్ మనిషికి చంటిబిడ్డ తల్లి గుర్తొస్తుంది. వారానికి 60 గంటలు పనిచేసే మేనేజర్ గుర్తురారు.

‘నాన్ ఎగ్జెంప్ట్’ పరిస్థితి ఇంకా అన్యాయం. దానికి ‘విముక్తి లేని’ అని పెడితే శిక్ష వేసినట్టు ఉంటుంది. నిజానికి ఓవర్‌టైమ్ డబ్బు వచ్చేది ఆ ఉద్యోగికే.

అక్కడి చట్టం ఏం చెబుతోంది?

క్రొయేషియాలో ఉద్యోగ సంబంధాలకు మూలం ‘జాకొన్ ఒ రాదు’, అంటే కార్మిక చట్టం. ఇప్పుడు అమల్లో ఉన్నది 2014 నాటిది. దానికి పెద్ద సవరణలు 2022 చివర్లో వచ్చి 2023లో అమల్లోకి వచ్చాయి. ఫుల్‌టైమ్ అంటే వారానికి 40 గంటలు. దాటి పని చేయించాలంటే షరతులున్నాయి. పని అనూహ్యంగా పెరగడం లాంటి అవసరం ఉండాలి. యజమాని రాతపూర్వకంగా అడగాలి. అప్పటికప్పుడు నోటిమాటగా చెప్పాల్సి వస్తే, 7 రోజుల్లోగా కాగితం మీద ధ్రువీకరించాలి. ఓవర్‌టైమ్‌తో కలిపి వారానికి 50 గంటలు దాటకూడదు. ఏడాదికి ఓవర్‌టైమ్ 180 గంటలు మించకూడదు. కార్మిక సంఘాలతో కుదిరిన సమష్టి ఒప్పందం ఉంటే 250 గంటల వరకు వెళ్లొచ్చు.

డబ్బు సంగతి చట్టంలోని 94వ అధికరణలో ఉంది. ఓవర్‌టైమ్, రాత్రి పని, ఆదివారం, పండుగరోజు పనికి పెంచిన జీతం పొందే హక్కు ఉద్యోగికి ఉందని అది చెబుతుంది. ఆ జీతాన్ని ‘పొవెచానా ప్లాచా’ అంటారు. ఆదివారం పనికి పెంపు కనీసం 50 శాతం ఉండాలని చట్టమే నిర్ణయించింది. ఓవర్‌టైమ్‌కు ఎంత శాతం అన్నది మాత్రం చట్టంలో లేదు. సమష్టి ఒప్పందంలోనో, కంపెనీ పని నిబంధనల్లోనో, ఉద్యోగ ఒప్పందంలోనో రాసుకోవాలి. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం కాలం నుంచీ ఓవర్‌టైమ్ అంటే రెట్టింపు వేతనం అని వింటూ వచ్చిన మనకు ఇది కొత్తగా అనిపిస్తుంది. క్రొయేషియా ఒప్పందం చదివేటప్పుడు ఈ శాతం కోసం వెతకాలి. అది ఎక్కడా లేకపోతే అడగాలి.

ఓ ఉదాహరణ చూద్దాం. నెలకు స్థూల జీతం 1,760 యూరోలు అనుకోండి. 22 పనిదినాల నెలలో 176 గంటలు. గంటకు 10 యూరోలు. ఒప్పందంలో ఓవర్‌టైమ్ పెంపు 50 శాతం అని ఉంటే అదనపు గంటకు 15 యూరోలు. నెలలో 10 గంటలు అదనంగా చేస్తే 150 యూరోలు. ఏడాదికి 180 గంటల పరిమితి మొత్తం వాడుకుంటే దాదాపు 2,700 యూరోలు. అంటే నెలన్నర జీతం. తప్పుగా అనువదించిన ఒక్క మాటను నమ్మి ఉద్యోగి అడగకుండా ఊరుకుంటే పోయేది ఇంత.

గంటల పరిమితులు వర్తించనివాళ్లు అక్కడా ఉన్నారు

అమెరికా ‘ఎగ్జెంప్ట్’కు కాస్త దగ్గరగా వచ్చే ఏర్పాటు క్రొయేషియా చట్టంలో ఒకటి ఉంది. ఎక్కువమంది అనువాదకులు తడబడేది ఇక్కడే. 88వ అధికరణ ప్రకారం, పని స్వభావాన్ని బట్టి గంటలు కొలవలేని, ముందే నిర్ణయించలేని ఉద్యోగులకు, లేదా తమ పనివేళలను తామే నిర్ణయించుకునే ఉద్యోగులకు కొన్ని నియమాలు వర్తించవు. ‘రుకొవొదెచె ఒసొబ్ల్యె’, అంటే నిర్వహణ స్థాయి సిబ్బంది, ఇందుకు చట్టం చెప్పే ఉదాహరణ. యూరోపియన్ యూనియన్ 2003 నాటి పనివేళల ఆదేశంలోని 17వ అధికరణ సభ్యదేశాలకు ఇచ్చిన వెసులుబాటు నుంచి ఇది వచ్చింది.

అలాగని ‘ఎగ్జెంప్ట్’ స్థానంలో ‘రుకొవొదెచె ఒసొబ్ల్యె’ అని రాసేస్తే ఇంకో తప్పు చేసినట్టే. ఎందుకంటే ఈ రెండూ కొలిచేవి వేర్వేరు.

అమెరికాలో మినహాయింపు ఓవర్‌టైమ్ డబ్బుకు సంబంధించింది. ఎగ్జెంప్ట్ ఉద్యోగి తన వేళలు తానే నిర్ణయించుకోవాలన్న షరతేమీ లేదు. ఉదయం 9కి రావాలి, రాత్రి కాల్‌లో ఉండాలి అని మేనేజర్ చెప్పినా ఎగ్జెంప్ట్‌గానే ఉంటారు. క్రొయేషియాలో అసలు ఆధారమే ఆ స్వాతంత్ర్యం. అది నిజంగా ఉండాలి, ఒప్పందంలో రాసి ఉండాలి. ఇక 88వ అధికరణ పక్కనపెట్టే నియమాలు వారపు గరిష్ఠ గంటలు, రాత్రి పని, రోజువారీ విశ్రాంతి, వారపు సెలవు లాంటివి. పెంచిన జీతం గురించి చెప్పే అధికరణ వేరే చోట ఉంది. జూనియర్ డెవలపర్‌కో, టెస్టింగ్ ఇంజినీర్‌కో, హోటల్‌లో షిఫ్ట్ లీడర్‌కో ‘మేనేజర్’ అని పేరు పెట్టి ఈ అధికరణ కిందికి తోసేయడం కుదరదు. హోదా పేరుతో పని జరగదన్న ఒక్క విషయంలో మాత్రం రెండు దేశాలూ ఒకటే.

‘ప్రెరస్పొద్యెలా రాద్నొగ్ వ్రెమెనా’ అని మరో ఏర్పాటు ఉంది. పనివేళల పునఃపంపిణీ అన్నమాట. వేసవి పర్యాటక సీజన్‌లో ఎక్కువ గంటలు, చలికాలంలో తక్కువ గంటలు పనిచేసి సగటు సరిచేయడం. ఇలా పెరిగిన గంటలు ఓవర్‌టైమ్ కిందికి రావని చట్టం స్పష్టంగానే చెబుతుంది. అడ్రియాటిక్ తీరంలో హోటల్ పనికి వెళ్లేవారి కాగితాల్లో ఇది కనిపించే అవకాశం ఉంది. దీన్నీ ‘ఓవర్‌టైమ్ మినహాయింపు’ అని ఎవరైనా వివరిస్తే నమ్మొద్దు. ఇది పూర్తిగా వేరే విషయం, దీనికి వేరే షరతులున్నాయి.

అనువదించాలా, తిరగరాయాలా?

పని చేతికి రాగానే అనువాదకులు అడగాల్సిన మొదటి ప్రశ్న: ఈ కాగితం ఎందుకు?

ఒక సందర్భం చూద్దాం. ఒక మనిషి అమెరికాలో పనిచేశారు. ఆ పాత ఒప్పందాన్ని క్రొయేషియాలో బ్యాంకుకో, కోర్టుకో, వేరే కార్యాలయానికో చూపించాలి. అప్పుడు ఒప్పందంలో ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. అమెరికా చట్టాన్ని క్రొయేషియా చట్టంలా మార్చి చూపే హక్కు అనువాదకులకు లేదు. అలాంటప్పుడు మంచి పద్ధతి, మాటను కాకుండా దాని ఫలితాన్ని రాయడం. ‘అమెరికా ఫెడరల్ కార్మిక చట్టం ప్రకారం, ఓవర్‌టైమ్ పనికి పెంచిన జీతం పొందే హక్కు లేని ఉద్యోగి’ అన్న భావం వచ్చేలా క్రొయేషియన్‌లో రాయాలి. దాని గుండెకాయ ఈ వాక్యం: ‘రాద్నిక్ నేమా ప్రావొ నా పొవెచాను ప్లాచు జా ప్రెకొవ్రెమెని రాద్’. పొడుగే. అయినా చదివినవాళ్లు తప్పుగా అర్థం చేసుకోరు. ఆ మాట మొదటిసారి వచ్చిన చోట అసలు ఇంగ్లిష్ పదాన్ని అలాగే ఉంచి, కింద అనువాదకుల గమనికగా ఒక్క వాక్యం చేరిస్తే ఇంకా మేలు. ‘ఏ చట్టం ప్రకారం’ అన్న ముక్క మాత్రం వదలకూడదు. అది లేకపోతే క్రొయేషియా చట్టమే ఆ ఉద్యోగికి హక్కు లేదంటోందన్న భావం వస్తుంది.

అధికారిక అవసరాలకు మామూలు అనువాదం చాలదు. కోర్టు నియమించిన అనువాదకులు ఉంటారు. వాళ్లను ‘స్తాల్ని సుద్‌స్కి తుమాచ్’ అంటారు. వాళ్ల ముద్ర, సంతకం ఉన్న ప్రతినే కార్యాలయాలు ధ్రువీకరించిన అనువాదంగా తీసుకుంటాయి. హైదరాబాద్‌లో చేయించిన అనువాదానికి నోటరీ ముద్ర వేయించుకుని వెళ్తే సరిపోతుందనుకోకండి. ముందే ఆ కార్యాలయాన్ని అడగడం మంచిది.

రెండో సందర్భంలో, క్రొయేషియాలో చేయబోయే ఉద్యోగానికి అమెరికా నమూనా పట్టుకుని ఒప్పందం తయారుచేస్తున్నారు. ఇక్కడ ఎంత గొప్పగా అనువదించినా ఉపయోగం తక్కువ. అక్కడి చట్టంలో లేని హోదాను అక్కడి భాషలో సృష్టించలేం. ‘ఈ ఉద్యోగికి ఓవర్‌టైమ్ జీతం హక్కు లేదు’ అని స్వచ్ఛమైన క్రొయేషియన్‌లో రాసినా, మామూలు ఉద్యోగి విషయంలో అది 94వ అధికరణకు ఎదురు నిలిచే వాక్యమే. ఇది అనువాదకుల చేతిలోని పని కాదు, అక్కడి కార్మిక చట్టం తెలిసిన న్యాయవాది తిరగరాయాల్సిన పని. హైదరాబాద్‌లో ఇలాంటి ఫైళ్లు చూసేవాళ్లు క్లయింట్‌కు ఆ ఒక్క మాట రాసి పంపాలి: ఈ నిబంధనను అనువదించవద్దు, స్థానికంగా పరిశీలించండి. గడువు తరుముతున్నా సరే, ఆ ఈమెయిల్ ఆపకూడదని మా అభిప్రాయం.

పెద్ద కంపెనీల హెచ్‌ఆర్ సాఫ్ట్‌వేర్‌లో ఇంకో తలనొప్పి ఉంటుంది. ఉద్యోగి వివరాల పేజీలో ‘ఎగ్జెంప్ట్/నాన్ ఎగ్జెంప్ట్’ అని ఒక గడి ఉంటుంది. ఏదో ఒకటి ఎంచుకోకపోతే పేజీ ముందుకు కదలదు. దాంతో జాగ్రెబ్ ఉద్యోగికీ ఏదో ఒకటి తగిలిస్తారు. తర్వాత ఆ గడే ఆటోమేటిక్‌గా ఒప్పందంలోకి, ఉత్తరాల్లోకి వచ్చి పడుతుంది. అమెరికా బయటి ఉద్యోగులకు ఆ గడిలో ‘వర్తించదు’ అని ఉండాలి. క్రొయేషియన్‌లో ‘నియె ప్రిమ్యెన్యివొ’.

‘మా రాష్ట్ర చట్టమే వర్తిస్తుంది’ అని రాసుకుంటే?

చాలా ఒప్పందాల చివర ‘ఈ ఒప్పందానికి ఫలానా రాష్ట్ర చట్టం వర్తిస్తుంది’ అని ఉంటుంది. కాలిఫోర్నియా అనో డెలవేర్ అనో రాస్తారు. అది చూసి చాలామంది ‘ఇంకేముంది, సంతకం పెట్టేశాం కదా’ అని నీరుగారిపోతారు. యూరోపియన్ యూనియన్‌లో అంత తేలిగ్గా ఒప్పుకోరు. రోమ్ 1 నిబంధన అని 2008 నాటి చట్టం ఒకటుంది. దాని 8వ అధికరణ ప్రకారం ఇరుపక్షాలూ ఏ దేశ చట్టాన్నయినా ఎంచుకోవచ్చు. కానీ ఉద్యోగి మామూలుగా పనిచేసే దేశపు చట్టం ఇచ్చే, ఒప్పందంతో తప్పించలేని రక్షణలను ఆ ఎంపిక తీసేయలేదు. క్రొయేషియాలో కూర్చుని పనిచేస్తే క్రొయేషియా రక్షణలు ఉద్యోగి వెంట ఉంటాయి.

పనిగంటల లెక్క రాయడం కూడా యజమాని బాధ్యతే. ‘ఎగ్జెంప్ట్ ఉద్యోగులకు టైమ్‌షీట్ అక్కర్లేదు’ అన్న అమెరికా అలవాటు అక్కడ పనికిరాదు. ప్రతి ఉద్యోగి రోజువారీ పనివేళలను కొలిచే నమ్మకమైన ఏర్పాటు యజమానుల దగ్గర ఉండేలా సభ్యదేశాలు చూడాలని యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం 2019 మే 14న స్పెయిన్‌లోని డాయిష్ బ్యాంక్ కేసులో తీర్పు చెప్పింది. క్రొయేషియాలోనూ యజమాని పనివేళల రిజిస్టరు నిర్వహించాలి.

చేతిలో ఒప్పందం ఉన్నవాళ్లు ఏం చూడాలి?

ముందుగా ఏజెంటు సంగతి. భారత్ నుంచి విదేశీ ఉద్యోగాలకు పంపే ఏజెంట్లు 1983 వలసల చట్టం కింద నమోదై ఉండాలి. విదేశాంగ శాఖ ఈమైగ్రేట్ పోర్టల్‌లో పేరు చూసుకోవచ్చు. వాళ్లు ఇచ్చే ఇంగ్లిష్ ఒప్పందంతో ఆగిపోకండి. క్రొయేషియన్ ప్రతి కూడా అడగండి. నివాస, పని అనుమతికి అక్కడి హోంశాఖకు దరఖాస్తు చేసేటప్పుడు జతచేసేది ఏ ప్రతో, మీ చేతికి ఇచ్చింది ఏదో, రెండూ ఒకే మాట చెబుతున్నాయో లేదో తెలియాలి. రెండు భాషల్లో ఒకే కాగితం మీద ఉంటే, తేడా వచ్చినప్పుడు ఏ భాషలో ఉన్నది చెల్లుతుందో రాసిన వాక్యం వెతకండి. సాధారణంగా చివరి పేజీలో ఉంటుంది.

తర్వాత క్రొయేషియన్ ప్రతిలో ‘ప్రెకొవ్రెమెని రాద్’ అన్న మాట ఎక్కడుందో చూడండి. భాష రాకపోయినా ఫర్వాలేదు, అక్షరాలు రోమన్ లిపిలోనే ఉంటాయి కాబట్టి ఫోన్‌లో వెతకొచ్చు. దాని పక్కన ‘ఇజుజెత్’, ‘ఒస్లొబొజెన్’ ఉంటే ఈమెయిల్‌లో సూటిగా అడగండి: ‘నాతో అదనపు గంటలు చేయించరా, లేక చేయించి డబ్బు ఇవ్వరా?’ జవాబు రాతలోనే తీసుకోండి. అనువాద యాప్ ఇచ్చే ఒక్క పదాన్ని మాత్రం జవాబుగా తీసుకోకండి. ఈ చిక్కంతా మొదలైంది ఒక్క పదానికి ఒక్క పదం పెట్టడంతోనే. ‘పనివేళలు నేనే నిర్ణయించుకుంటాను’ అన్న అర్థంలో ‘సమొస్తాల్నొ ఒద్రెజుయె’ అని ఉంటే, మీ ఉద్యోగంలో అది నిజమేనా అని ఆలోచించండి. షిఫ్టు మీ పేరు మీద ముందే వేసి ఉంటే అది నిజం కాదు.

జీతం స్థూలమా, చేతికి వచ్చేదా అన్నది మరో పాత తగాదా. అక్కడ ఒప్పందాల్లో స్థూల జీతమే, అంటే ‘బ్రుతొ’ రాస్తారు. ఓవర్‌టైమ్ లెక్క కట్టేటప్పుడు కూడా ఆ అంకె నుంచే మొదలుపెట్టాలి.

ఒప్పందం లిఖితపూర్వకంగా ఉండాలన్నది చట్టం. పని మొదలయ్యేలోపు కాగితమే ఇవ్వకపోతే, ఉద్యోగిని శాశ్వత ప్రాతిపదికన తీసుకున్నట్టే చట్టం భావిస్తుంది. జీతం పడిన 15 రోజుల్లోగా దాని లెక్క చూపే పత్రం ఇవ్వాలి. దాన్ని ‘ఒబ్రాచున్ ప్లాచె’ అంటారు. ఓవర్‌టైమ్ గంటలు, దానికి కట్టిన మొత్తం ఆ పత్రంలో విడిగా కనిపిస్తున్నాయా చూసుకోండి. మీ వంతుగా, ఏ రోజు ఎన్ని గంటలు చేశారో, ఎవరు చేయమన్నారో ఫోన్‌లోనే రాసుకుంటూ ఉండండి. అదనపు గంటలు చేయమని వాట్సాప్‌లో వచ్చిన మెసేజీలు తుడిచేయకండి.

డబ్బు రాకపోతే ముందు యజమానికి రాతపూర్వకంగా అడగాలి. కార్మిక తనిఖీలు చూసేది రాష్ట్ర తనిఖీ విభాగం ‘ద్ర్జావ్ని ఇన్‌స్పెక్తొరాత్’. పనివేళల రిజిస్టరు, ఓవర్‌టైమ్ పరిమితులు లాంటి ఉల్లంఘనలపై అక్కడ ఫిర్యాదు చేయొచ్చు. బకాయి వసూలుకు కోర్టు దారి ఉంది. ఉద్యోగ సంబంధం నుంచి వచ్చే డబ్బు బకాయిలను అడగడానికి క్రొయేషియా చట్టం ఇచ్చిన గడువు 5 ఏళ్లు. ఉద్యోగం మానేసి తిరిగి వచ్చేశాక కూడా ఆ గడువు నడుస్తూనే ఉంటుంది కాబట్టి ఒప్పందం, జీతం పత్రాలు, గంటల లెక్క అప్పటివరకు పారేయకండి.